97 ఏళ్లు మోసింది.. ఇప్పుడు మన వంతు! గోదావరిపై హేవలాక్ వంతెన చరిత్ర

రాజమహేంద్రవరం: కొవ్వూరు, రాజమహేంద్రవరం నడుమ గోదావరిని దాటే రైలు ప్రయాణికుల దృష్టిని ముందుగా ఆకర్షించేది తెల్లని కమానుల వంతెన. దాని పక్కనే పట్టాలపై చక్రం తిరగక ఏళ్లు గడిచిన ఉక్కు వంతెన ఒకటి నిలిచి ఉంది. అదే హేవలాక్ వంతెన. జిల్లా వాసులకు అది ‘పాత రైలు వంతెన’. 1900వ సంవత్సరం నుంచి 1997 వరకు మద్రాసు, కలకత్తా నగరాల మధ్య రాకపోకల భారాన్ని ఈ వంతెన మోసింది. తుక్కుగా మారుతుందా, చారిత్రక సంపదగా మిగులుతుందా అన్న ప్రశ్న రెండు దశాబ్దాలకు పైగా దానిని వెంటాడింది. 2027 గోదావరి పుష్కరాల నేపథ్యంలో దాని అభివృద్ధికి అడుగు పడినందున, ఆ వంతెన ఎలా పుట్టింది, ఎందుకు విశ్రమించింది, ఇకపై దానికి ఏమి అవసరం అన్న అంశాలను పాఠకులకు వివరించే ప్రయత్నమే ఈ కథనం.

రైలు వచ్చింది.. నది అడ్డుపడింది

నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్షిణ భారతంలో ఇంత పొడవైన నది మరొకటి లేదు. రాజమహేంద్రవరం వద్ద దీని వెడల్పు రెండున్నర కిలోమీటర్లకు మించి ఉంటుంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో డెల్టా సస్యశ్యామలమైంది. కాలువలలో నీటితో పాటు పడవలు కూడా నడిచాయి. ధాన్యం పడవలపైనే కాకినాడ రేవుకు చేరేది. అయితే కాలువ ప్రయాణం నిదానమైనది. దూర ప్రాంతాలకు సరకు, జనం వేగంగా చేరాలంటే రైలు ఒక్కటే మార్గమైంది.

ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో బెజవాడ నుంచి కటక్ వరకు తీర ప్రాంతం వెంబడి 1893-96 సంవత్సరాల మధ్య రైలు మార్గం దశలవారీగా సిద్ధమైంది. పట్టాలు పశ్చిమాన కొవ్వూరు గట్టు దాకా వచ్చాయి. తూర్పున రాజమహేంద్రి నుంచి వాల్తేరు వైపు సాగాయి. నడుమ గోదావరి మాత్రం మిగిలిపోయింది. ప్రయాణికులు ఒక గట్టున రైలు దిగి, నదిని నీటి మీదుగా దాటి, ఆవలి గట్టున మరో రైలు ఎక్కవలసి వచ్చేది. వరద రోజులలో ఈ దాటింపు ఎంత కష్టమో గోదావరి తీర వాసులకు వేరుగా చెప్పనవసరం లేదు. సరకును దింపి, ఓడకెక్కించి, మళ్లీ దింపి, బండికెక్కించే శ్రమతో కాలమూ ఖర్చూ పెరిగేవి.

1899లో బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా తీర మార్గం ఏర్పడింది. హౌరా, ఖరగ్‌పూర్ నడుమ రైలు మార్గం 1900లో అందుబాటులోకి వచ్చింది. రెండు మహానగరాల మధ్య తూర్పు తీరం పొడవునా ఆగకుండా రైలు నడవాలంటే గోదావరిపై వంతెన తప్పనిసరి అయింది.

రాజమహేంద్రి వద్దే ఎందుకు?

నదిపై వంతెన ఎక్కడ కట్టాలన్నది నది స్వభావమే నిర్ణయిస్తుంది. రాజమహేంద్రవరానికి దిగువన ధవళేశ్వరం వద్ద గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. అక్కడి నుంచి కిందికి వెళితే ఒక వంతెనకు బదులు పలు వంతెనలు కట్టవలసి వస్తుంది. ఎగువకు వెళితే పాపికొండల సీమ. అక్కడ నది ఇరుకుగా ఉన్నా రైలు మార్గాన్ని కొండలలోకి మళ్లించాలి. నది ఒకే ప్రవాహంగా ఉండి, గట్లు గట్టిగా ఉండి, పట్టణం చేరువలో ఉన్న చోటు రాజమహేంద్రవరం, కొవ్వూరుల నడుమ ప్రాంతమే. తరువాతి కాలంలో కట్టిన మూడు వంతెనలు కూడా ఈ పరిసరాలలోనే వెలశాయంటే నాటి ఎంపిక ఎంత సమంజసమో తెలుస్తుంది.

మూడు వేసవులు.. 56 ఖానాలు

వంతెన నిర్మాణం 1897 నవంబరు 11న ప్రారంభమైంది. 1900 ఆగస్టు 30న రాకపోకలకు తెరిచారు. అంటే మూడేళ్లు కూడా నిండలేదు. ఏటా జూన్ చివర నుంచి అక్టోబరు వరకు గోదావరిలో వరద ప్రవాహం ఉంటుంది కనుక, నది గర్భంలో పునాది పని సజావుగా సాగగలిగేది నవంబరు నుంచి మే వరకే. ఆ లెక్కన ఇంజనీర్లకు చిక్కినవి మూడే మూడు పని కాలాలు. నేటి యంత్ర సామగ్రి ఏదీ లేని రోజులలో ఇది సామాన్యమైన విషయం కాదు.

పనికి సారథ్యం వహించిన ఇంజనీరు ఎఫ్.టి. గ్రాన్‌విల్ వాల్టన్. అంతకు ముందు కాశీ వద్ద గంగానదిపై 1887లో ప్రారంభమైన డఫ్రిన్ వంతెన నిర్మాణంలో ఆయన అనుభవం గడించారు. నేడు మాలవీయ వంతెనగా పిలిచేది దానినే. గంగపై నేర్చిన విద్య గోదావరిపై అక్కరకు వచ్చిందన్న మాట.

వంతెనకు మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ పేరు పెట్టారు. ఆయన 1896 నుంచి 1900 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1857 నాటి యుద్ధాలలో పేరు వినిపించే సైనికాధికారి హెన్రీ హేవలాక్ వేరు, ఈయన వేరు.

వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. ఒక్కొక్కటి 45.7 మీటర్లు, అంటే 150 అడుగుల నిడివి గల 56 ఖానాలు ఉన్నాయి. రాతి కట్టడపు స్తంభాలపై ఉక్కు దూలాలను అమర్చారు. నిర్మించినది ఒంటి వరుస మార్గానికే.

ఇసుకలో స్తంభం ఎలా నిలిచింది?

గోదావరి గర్భమంతా ఇసుక, ఒండ్రు. అటువంటి చోట రాతి స్తంభాన్ని పైపైన నిలబెడితే ఒక్క వరదకే అడుగున ఇసుక కోసుకుపోయి స్తంభం ఒరిగిపోతుంది. అందుకే ఇటువంటి నదులలో నూతి పునాదులు వేస్తారు. పద్ధతి సూత్రప్రాయంగా మన ఊళ్లలో బావికి వరలు దించడం వంటిదే. నది మధ్యలో గుండ్రని లేదా కోలగా ఉండే దళసరి గోడను కింద పదునైన అంచుతో కడతారు. లోపలి ఇసుకను తోడి బయట పోస్తుంటే గోడ తన బరువుతో తాను కిందికి దిగుతుంది. దిగిన మేర పైన మళ్లీ కట్టుబడి చేస్తారు. దిగనని మొరాయిస్తే పైన బరువు వేస్తారు. ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క తవ్వి సరిచేస్తారు. వరద కోయలేనంత లోతుకు చేరిన తరువాత అడుగును గట్టిగా మూసి, లోపల నింపి, దానిపై స్తంభాన్ని లేపుతారు.

ఈ పనిలో తొందరపాటుకు తావు లేదు. ఒక్క నూయి ఒరిగితే దానిపై లేచే స్తంభం ఒరుగుతుంది, స్తంభం ఒరిగితే రెండు ఖానాలకు స్థానం తప్పుతుంది. ఈ కారణంగానే వంతెన కట్టడంలో కంటికి కనిపించే ఉక్కు కన్నా కంటికి కనిపించని నూతులకే ఎక్కువ శ్రమ పడుతుంది.

ఉక్కు ఊపిరి

ఉక్కు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 30 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు 45.7 మీటర్ల దూలం సుమారు 16 మిల్లీమీటర్లు సాగుతుంది. 56 దూలాల సాగుదలను కలిపితే దాదాపు 90 సెంటీమీటర్లు అవుతుంది. దూలాలను స్తంభాలకు కదలకుండా బిగిస్తే ఆ ఒత్తిడికి ఏదో ఒకటి విరగక తప్పదు. అందుకే ఉక్కు వంతెనలలో దూలం ఒక కొసను స్థిరంగా ఉంచి, రెండో కొస కొద్దిగా జరిగేలా ఏర్పాటు చేస్తారు. రాజమహేంద్రవరంలో మే నెల ఎండలకూ జనవరి తెల్లవారుజాము చలికీ మధ్య ఉన్న వ్యత్యాసాన్ని వంతెన ఇలా ప్రతి ఏటా ఓర్చుకుంటూ వచ్చింది.

ఇక ఖానాలు 56 ఎందుకన్నది మరో ప్రశ్న. ఖానా నిడివి పెంచితే స్తంభాలు తగ్గుతాయి, కానీ దూలం బరువు, ఖర్చు వేగంగా పెరుగుతాయి. ఖానా తగ్గిస్తే దూలం తేలికవుతుంది, కానీ నదిలో దించవలసిన నూతుల సంఖ్య పెరుగుతుంది. ఈ రెంటికీ నడుమ పొదుపైన చోటును ఇంజనీర్లు వెతుకుతారు. 1900 నాటి ఉక్కుకు, నాటి పనిముట్లకు 45.7 మీటర్ల ఖానా సరిపోయింది. తరువాత వచ్చిన వంతెనలలో ఖానాలు దాదాపు రెట్టింపు కావడం సాంకేతిక ప్రగతికి నిదర్శనం.

వరదలకు వెరవని స్తంభాలు

వంతెన సత్తా వరదలోనే తేలుతుంది. 1953 ఆగస్టు వరద గోదావరి జిల్లాలను ముంచెత్తింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అంటే ఆనాడు ప్రతి సెకనుకూ 35 లక్షల ఘనపుటడుగుల నీరు ఈ స్తంభాల నడుమ నుంచి దిగువకు సాగింది. లంక గ్రామాలు నీట మునిగి, గట్లు తెగి, వేల కుటుంబాలు నిరాశ్రయమైన ఆ విపత్తులోనూ 86 ఏళ్ల వయసున్న వంతెన నిలిచింది. రైళ్లు ఆగిపోయిన తరువాత వచ్చిన 2006, 2022 వరదలనూ తట్టుకుంది.

వంతెన తెచ్చిన మార్పు

వంతెన పూర్తితో ధాన్యం, బెల్లం, కొబ్బరి, పొగాకు వంటి సరకులకు ఉత్తర, దక్షిణ మార్కెట్లు రెండూ చేరువయ్యాయి. ఓడ రేవులకు, కాలువ పడవలకు ప్రాధాన్యం క్రమంగా తగ్గింది. ఉన్నత విద్యకు మద్రాసు, ఉద్యోగానికి కలకత్తా వెళ్లేవారికి దారి సుగమమైంది. రాజమహేంద్రి పుష్కరాలకు దూర ప్రాంత యాత్రికులు రైలులో రావడం పెరిగింది. రైలు గోదావరి మీదికి రాగానే కిటికీ వద్దకు చేరి, నదికి నమస్కరించి, నీటిలో నాణెం విడిచే ఆచారం తరతరాలుగా కొనసాగుతోంది. పాత వంతెనపై రైలు చేసే చప్పుడు వినగానే నిద్రలేచిన తరం ఇప్పటికీ రెండు గట్లపైనా ఉంది.

పరిపాలనా పటంలోనూ వంతెన ఒక చిత్రమైన సాక్షి. 1900 నాటికి ఈ రెండు గట్లూ ఒకే గోదావరి జిల్లాలో ఉండేవి. తరువాతి కాలంలో వంతెన రెండు జిల్లాల మధ్య వారధి అయింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కొవ్వూరు, రాజమహేంద్రవరం రెండూ తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చాయి. వంతెన రెండు కొసలూ మళ్లీ ఒకే జిల్లాకు చేరాయి.

తోడు వచ్చిన వంతెనలు

ఏడు దశాబ్దాలకు పైగా గోదావరిపై ఇక్కడ ఏకైక వంతెనగా హేవలాక్ సేవలందించింది. ఒంటి వరుస మార్గం కావడంతో ఒక రైలు వెళుతుంటే ఎదురు రైలు ఆగవలసి వచ్చేది. రద్దీ పెరిగిన దరిమిలా పైన రోడ్డు, కింద రైలు ఉండేలా రెండో వంతెన నిర్మించారు. 1974లో అది అందుబాటులోకి వచ్చింది. దానిలో 91.5 మీటర్ల ఖానాలు 27, 45.72 మీటర్ల ఖానాలు 7 ఉన్నాయి. రోడ్డు భాగం పొడవు 4.1 కిలోమీటర్లు. అంతవరకు బస్సులకూ లారీలకూ ఇక్కడ నదిపై దారి లేదు. ఆ వంతెనపైనా రైలు మార్గం ఒక్కటే కనుక, పాతది, కొత్తది కలిస్తేనే రెండు వరుసలు అయ్యాయి. అందుచేత రెండో వంతెన వచ్చినా హేవలాక్‌కు విశ్రాంతి దొరకలేదు.

మూడోది కమానుల వంతెన. కాంక్రీటుతో విల్లు ఆకారంలో నిర్మించిన ఈ వంతెన పనులు 1991లో మొదలై 1997లో పూర్తయ్యాయి. 97.55 మీటర్ల చొప్పున 28 కమానులు దీనికి ఉన్నాయి. హేవలాక్ ఖానాల సంఖ్యలో ఇది సరిగ్గా సగం. ఇది సిద్ధమైన తరువాత 1997లో హేవలాక్ వంతెనపై రైళ్లను నిలిపివేశారు. 2015 పుష్కరాల సంవత్సరంలో నాలుగోదైన రోడ్డు వంతెన కూడా ప్రారంభమైంది.

ఎందుకు పక్కన పెట్టారు?

ఉక్కు వంతెన వయసును ఏళ్లతో మాత్రమే కొలవరు. దానిపై దాటిన రైళ్ల సంఖ్య, వాటి బరువు ముఖ్యం. ఒక తీగను అటూ ఇటూ పలుమార్లు వంచితే తెగిపోయినట్లే, లక్షల సార్లు భారం పడి లేచిన ఉక్కులోనూ అలసట పేరుకుంటుంది. 1900 నాటి ఆవిరి ఇంజన్లను, చిన్న పెట్టెలను దృష్టిలో ఉంచుకుని రూపొందించిన దూలాలపై కాలక్రమంలో బరువైన ఇంజన్లు, పొడవైన సరకు రైళ్లు నడిచాయి. అటువంటి వంతెనలపై వేగ పరిమితులు, తరచూ తనిఖీలు తప్పవు. కీలకమైన ప్రధాన మార్గంలో అది ఆటంకమే.

అంతమాత్రాన పాత ఉక్కు అంతా పనికిరానిదని భావించరాదు. బీహారులో సోన్ నదిపై 1862లో ప్రారంభమైన కోయిల్వర్ వంతెనపై నేటికీ రైళ్లు నడుస్తున్నాయి. ఉక్కుకైనా ఇనుముకైనా నిర్వహణే ఆయుష్షు. రంగు ఊడిన చోట తేమ చేరుతుంది, తేమ చేరిన చోట తుప్పు పుడుతుంది, తుప్పు పట్టిన రేకు పలచబడి బలం తగ్గుతుంది. రైళ్లు నడిచే వంతెనకు తప్పనిసరిగా తనిఖీ, రంగు, మరమ్మతు జరుగుతాయి. రైళ్లు ఆగిన వంతెనకు అవి ఆగిపోతాయి. హేవలాక్‌కు ఎదురైన అసలు ప్రమాదం ఇదే.

తుక్కా? తీపి గుర్తా?

రైళ్లు ఆగిన తరువాత వంతెనను విప్పి ఉక్కును విక్రయించాలన్న ఆలోచన వచ్చింది. చారిత్రక చిహ్నంగా పరిరక్షించి, పర్యాటకులు నడిచేలా తీర్చిదిద్దాలని స్థానికులు, ప్రజాప్రతినిధులు కోరుతూ వచ్చారు. ప్రతిపాదనలు పలుమార్లు ముందుకు వచ్చి ఆగిపోయాయి. చివరకు 2025 జూన్ 26న రాజమహేంద్రవరంలో ‘అఖండ గోదావరి’ పర్యాటక ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. కేంద్ర పర్యాటక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్, రాష్ట్ర ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పాల్గొన్న ఈ కార్యక్రమంలో ప్రకటించిన మొత్తం వ్యయం రూ.94.44 కోట్లు. హేవలాక్ వంతెన అభివృద్ధితో పాటు పుష్కర ఘాట్ తదితర పనులు ఇందులో భాగం.

జన భద్రతే గీటురాయి

వంతెనను అలంకరించడం సులువు. భద్రంగా తెరిచి ఉంచడమే కష్టం. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో మరమ్మతుల అనంతరం తెరిచిన పాత వేలాడే వంతెన కూలి 135 మంది మృతి చెందారు. 2025 జూన్ 15న పుణె సమీపంలో ఇంద్రాయణి నదిపై పాత ఇనుప వంతెన పర్యాటకులతో కూలిపోయింది. ఆ రెండు వంతెనలూ హేవలాక్ అంత దృఢమైనవి కావు, నిజమే. అయినా పాత కట్టడంపైకి జనాన్ని అనుమతించే వేళ పాటించవలసిన జాగ్రత్త ఒక్కటే.

జనసమూహం బరువును తక్కువ అంచనా వేయరాదు. కిక్కిరిసిన జనం చదరపు మీటరుకు సుమారు అర టన్ను భారం మోపుతారని వంతెనల రూపకల్పనలో లెక్కిస్తారు. 3 మీటర్ల వెడల్పుతో నడకదారి వేశారనుకుంటే ఒక్కో ఖానాపై 68 టన్నుల దాకా పడుతుంది. రైలు బరువుతో పోలిస్తే ఇది తక్కువే కావచ్చు. కానీ రైలు నిమిషాలలో దాటిపోతుంది, జనం నిలిచి ఉంటారు. పైగా నడకదారి పలకలు, తోటలు, అంగళ్లు, దీపాల బరువు దీనికి అదనం.

రెండో అంశం పొడవు. 2.7 కిలోమీటర్ల వంతెనకు దారులు రెండు కొసలలోనే ఉంటాయి. నది మధ్యలో ఎవరికైనా అస్వస్థత కలిగినా, తొక్కిడి జరిగినా బయటపడే మార్గం ఏమిటన్నది ముందే ఆలోచించాలి. 2015 జూలై 14న పుష్కరాల తొలి రోజున పుష్కర ఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన విషాదాన్ని ఈ పట్టణం మరువలేదు. పుష్కరాల వేళ కొత్త ఆకర్షణగా వంతెన తెరుచుకుంటే జనం పోటెత్తడం ఖాయం.

కనుక ప్రతి ఖానాలోని ఉక్కు మందాన్ని కొలిచి తుప్పు తీవ్రతను నిర్ధారించడం, స్తంభాల అడుగున ఇసుక కోతను పరిశీలించడం, బరువు పరీక్ష నిర్వహించడం, ఒకేసారి ఎందరిని అనుమతించాలో తేల్చడం ముందుగా జరగాలి. ఆ నివేదికలను ప్రజల ముందుంచాలి. ప్రారంభోత్సవం తరువాత ఏటా రంగులకు, తనిఖీలకు నిధి ఎక్కడి నుంచి వస్తుందో, బాధ్యత ఏ శాఖదో స్పష్టం చేయాలి. రైల్వే, పర్యాటక, నగరపాలక విభాగాలు ఒకరిపై ఒకరు నెట్టుకుంటే పాతికేళ్ల నిర్లక్ష్యం కథ మళ్లీ మొదలవుతుంది.

వంతెన చరిత్రను తెలిపే చిన్న ప్రదర్శనశాల ఒకటి గోదావరి స్టేషను వైపున ఏర్పాటు చేస్తే విద్యార్థులకు ఉపయుక్తంగా ఉంటుంది. నూతి పునాది ఎలా దిగుతుందో నమూనాతో చూపవచ్చు. పునాదులు తవ్విన, రాయి మోసిన, రివెట్లు బిగించిన వేలాది కూలీల శ్రమకు అక్కడ స్థానం కల్పించాలి. గవర్నరు పేరు వంతెనకు దక్కింది, ఇంజనీరు పేరు చరిత్రలో నిలిచింది. ఆ కూలీల పేర్లు మాత్రం ఏ శిలాఫలకానికీ ఎక్కలేదు.

మూడు పని కాలాలలో లేచి, 97 ఏళ్లు రైళ్లను మోసి, ఎన్నో వరదలను దాటనిచ్చిన వంతెన ఇది. దానిని కాపాడుకోవడానికి కావలసినది క్రమం తప్పని తనిఖీ, ఏటా కొంత రంగు, బాధ్యత వహించే ఒక శాఖ. పుష్కరాల గడువు కన్నా భద్రతా పరీక్షల ఫలితానికే పెద్దపీట వేస్తే, హేవలాక్ వంతెన రెండో శతాబ్దంలోనూ గోదావరి వాసులకు గర్వకారణంగా నిలుస్తుంది.